ష్యూరిటీ సంతకం, మూడో వంతు జీతం

2024 జూలై మొదటి వారంలో ఒక సాయంత్రం ఆయన మా ఆఫీసుకి వచ్చారు. చేతిలో మూడు పే స్లిప్పులు, కోర్టు ముద్ర ఉన్న ఒక కాగితం. కోస్తాలో ఒక చిన్న పట్టణంలో కేంద్ర ప్రభుత్వ శాఖ ఉద్యోగి, లెవెల్ 6. కూర్చుంటూనే అడిగారు: "నేను తీసుకోని అప్పుకి నా జీతం ఎలా పట్టుకుంటారండీ?"

ఈ ప్రశ్నతో వచ్చేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఒకటే. పట్టుకుంటారు, చట్టం ఒప్పుకుంటుంది. అది చెప్పాక కొంతమంది లేచి వెళ్లిపోతారు, ఇంకో వకీలు దగ్గర వేరే జవాబు దొరుకుతుందేమోనని. ఈయన వెళ్లలేదు. అందుకే ఈ కేసు రాయదగ్గదిగా మిగిలింది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

జరిగింది కొత్త కథేం కాదు. తోడల్లుడికి మొబైల్ షాపు. పది లక్షల చిట్టీ, యాభై నెలలు, నెలకి 20,000. పదో నెలలో పాట పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే ఇద్దరు ష్యూరిటీలు కావాలి, అందులో ఒకరు గవర్నమెంట్ ఉద్యోగి అయితే కంపెనీకి ఇంకా ఇష్టం. పండక్కి అత్తగారింట్లో అందరూ కలిసినప్పుడు భోజనాలయ్యాక ఫారాలు బయటికొచ్చాయి. "కాదంటే మా ఆవిడ చెల్లెలు ఏమనుకుంటుందోనని పెట్టేశానండీ" అన్నారు. ఎన్ని సంతకాలు పెట్టారో గుర్తులేదు. తర్వాత మేం రికార్డు నకళ్లు తీస్తే పదకొండు లెక్క తేలాయి.

28 వాయిదాలు కట్టాక షాపు దెబ్బతింది, చిట్టీ ఆగిపోయింది. మిగిలింది 22 వాయిదాలు, 4,40,000. పాడుకున్నవాడు ఎగవేస్తే మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టమని నోటీసు ఇచ్చే హక్కు ఫోర్‌మన్‌కి, అంటే చిట్టీ నడిపే కంపెనీకి, ఉంటుంది. అలాగే ఇచ్చారు. చిట్టీ గొడవలు దావాగా సివిల్ కోర్టుకి రావు. 1982 చిట్ ఫండ్స్ చట్టం 64వ సెక్షన్ కింద చిట్ల రిజిస్ట్రార్ దగ్గరికి వెళతాయి. అక్కడ అవార్డు వచ్చాక 71వ సెక్షన్ కింద సర్టిఫికెట్ తీసుకుని, సివిల్ కోర్టు డిక్రీని ఎలా అమలు చేస్తారో దీన్నీ అలాగే అమలు చేసుకోవచ్చు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈయనకి మూడు నోటీసులు అందాయి. మూడూ సంతకం పెట్టి తీసుకున్నారు, మూడూ బీరువాలో పెట్టారు. "నేను చూసుకుంటానన్నయ్యా, నువ్వు పట్టించుకోకు" అన్నాడట తోడల్లుడు.

ఈయన హాజరు కాకపోవడంతో ఎక్స్‌పార్టీ అవార్డు, అప్పీలు గడువు దాటిపోవడం, సర్టిఫికెట్, సివిల్ కోర్టులో ఈపీ, అంటే అమలు పిటిషన్. వడ్డీ, ఖర్చులతో కలిపి ఈపీ మొత్తం 5,92,400. ప్రిన్సిపల్ అప్పుదారు పేరు మీద పట్టుకోడానికి ఏమీ లేదు. రెండో ష్యూరిటీ ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు, ఉద్యోగం పోయింది. మిగిలింది నెల నెలా ఖాయంగా జీతం వచ్చే ఈయన.

ముందు ఆయన మనసులో ఉన్న రెండు ఆశలు తీసేయాల్సి వచ్చింది. ఒకటి, "ముందు వాణ్ని పట్టుకుని, అక్కడ రాకపోతేనే నా దగ్గరికి రావాలి కదా" అన్నది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారుడి బాధ్యత అసలు అప్పుదారుడి బాధ్యతతో సమానం. బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు అరవైల్లోనే తేల్చిన సంగతి ఇది: ముందు అసలువాడి వెంట పడి రమ్మని జామీనుదారుడు అడగలేడు. రెండోది, అవార్డే తప్పని ఈపీలో వాదిద్దామన్నది. అమలు చేసే కోర్టు డిక్రీ వెనక్కి వెళ్లి చూడదు. అందిన నోటీసులు మూడూ బీరువాలో ఉన్నాక నోటీసు సరిగా అందలేదని నేను మాత్రం ఏ మొహంతో రాయను?

అప్పుడు పే స్లిప్పులు తీసుకుని చూశాను.

మే నెల స్లిప్పు: మూల వేతనం 43,600. డీఏ 50 శాతం, 21,800. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 10 శాతం, 4,360. రవాణా భత్యం దాని మీద డీఏతో కలిపి 2,700. మొత్తం 72,460. కోతల్లో ఎన్‌పీఎస్ (పింఛను చందా) 6,540, వృత్తి పన్ను 200, చిల్లర కోతలు, ఆ కింద "కోర్టు అటాచ్‌మెంట్" అని 23,820. చేతికి వచ్చింది 42 వేలకి కాస్త తక్కువ. అందులోంచి ఇంటి లోను వాయిదా 22,000 బ్యాంకువాళ్లు తీసుకుంటారు. ఇంటర్ చదివే కూతురు, తొమ్మిదో తరగతి కొడుకు.

23,820 అంకె చూడగానే అది ఎలా వచ్చిందో అర్థమైంది. 72,460లో వెయ్యి తీసేస్తే 71,460. దాన్ని మూడుతో భాగిస్తే 23,820. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ క్లాజు (ఐ) చెప్పేది అదే కదా: మనోవర్తి కాని డిక్రీల్లో జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే జప్తుకి దొరికేది వెయ్యి పోగా మిగిలినదాంట్లో మూడో వంతు. ఆ మొదటి మినహాయింపు ఒకప్పుడు నాలుగు వందలుండేది. 1999 సవరణతో వెయ్యి అయింది, 2002 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే వెయ్యి. ఇప్పుడు వెయ్యి రూపాయలకి గ్యాస్ సిలిండర్ కొంటే చిల్లర ఎంత మిగులుతుందో మీకే తెలుసు.

బిల్లులు చేసే గుమాస్తా సెక్షన్ చదివారు, కింద వివరణ చదవలేదు. జీతం అంటే ఏమిటో రెండో వివరణ చెబుతుంది: నెలవారీ వచ్చే మొత్తం రాబడి, అందులోంచి క్లాజు (ఎల్) కింద జప్తు నుంచి మినహాయించిన భత్యాలు తీసేయగా మిగిలింది. క్లాజు (ఎల్) ప్రభుత్వ ఉద్యోగుల భత్యాల గురించి. ఏవి మినహాయింపో ప్రభుత్వం నోటిఫికేషన్‌లో ప్రకటిస్తుంది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ప్రయాణ, రవాణా భత్యాలు, ఇంటి అద్దె భత్యం, యూనిఫాం భత్యం, ధరల పెరుగుదలకి ఉపశమనంగా ఇచ్చే భత్యం ఉన్నాయి. ఆ చివరిది డీఏనే.

అవన్నీ తీసేస్తే మిగిలేది మూల వేతనం 43,600. వెయ్యి తీస్తే 42,600. మూడో వంతు 14,200.

నెలకి 9,620 ఎక్కువ కోస్తున్నారు.

కాగితం మీద ఈ అంకె రాసి ఆయన వైపు తిప్పాను. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు. "ఇది మా అమ్మాయి కాలేజీ ఫీజండీ" అన్నారు చివరికి.

ఇక్కడ ఒక మాట. ఇదే జీతం ప్రైవేటు కంపెనీలో వస్తుంటే 23,820 తప్పు లెక్క కాదు. భత్యాల మినహాయింపు క్లాజు ప్రైవేటు ఉద్యోగులకి లేదు. వాళ్ల జీతం ఆర్డర్ 21 రూల్ 48-ఏ కింద జప్తు అవుతుంది, డీఏ, హెచ్ఆర్ఏ కూడా లెక్కలోకి వస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులూ, టీచర్లూ ఈ లెక్క చూసి తమకీ ఇదేననుకోవద్దు. ఆ రాష్ట్ర ప్రభుత్వం ఏయే భత్యాలు మినహాయించిందో ఆ నోటిఫికేషన్ తీసి చూసుకోవాలి. కూలీల వేతనాలకి, ఇంటి పనివాళ్ల జీతాలకి మాత్రం క్లాజు (హెచ్) కింద పూర్తి రక్షణ ఉంది, ఒక్క రూపాయి కూడా పట్టుకోకూడదు.

మొదట కోర్టుకి వెళ్లలేదు. జీతాలిచ్చే అధికారికి, అంటే డీడీవోకి, నోటిఫికేషన్ నకలు జతచేసి లెక్కతో ఉత్తరం రాశాం. ఆయన మంచివాడే. లెక్క సరిగ్గానే ఉందని నోటితో ఒప్పుకున్నారు, కాగితం మీద మాత్రం ఒప్పుకోలేదు. దానికి ఆయన భయం ఆయనకుంది. రూల్ 48 ప్రకారం కోర్టు ఉత్తర్వుకి విరుద్ధంగా ఉద్యోగికి డబ్బు చెల్లిస్తే ఆ మొత్తానికి ప్రభుత్వమే బాధ్యురాలు. కోర్టు ఆర్డరులో "60వ సెక్షన్‌కి లోబడి" అని ఉంది తప్ప ఎంత కోయాలో అంకె లేదు. "ఎక్కువ కోస్తే మీరొచ్చి అడుగుతారు, తక్కువ కోస్తే నా జీతం మీదికొస్తుంది. కోర్టు నుంచి ఒక ముక్క రాయించుకు రండి సార్" అన్నారు. ఈ మాట ఇంతకుముందు వేరే ఆఫీసుల్లోనూ విన్నాను. జప్తు ఉత్తర్వులో అంకె రాయించే అలవాటు మా వకీళ్లలో ఇంకా రాలేదు. రావాలని నేను అడిగినప్పుడల్లా "అదంతా డీడీవో చూసుకుంటాడు" అంటారు.

జూలై మధ్యలో ఆ ఈపీలోనే ఈఏ, అంటే ఒక అనుబంధ దరఖాస్తు, వేశాం, సివిల్ ప్రొసీజర్ కోడ్ 47, 60 సెక్షన్ల కింద. ఇక్కడ నా పొరపాటు కూడా చెప్పాలి. మొదటి డ్రాఫ్టులో ఎన్‌పీఎస్ వాటా, వృత్తి పన్ను కూడా ముందే తీసేసి మిగిలినదాంట్లో మూడో వంతు లెక్కకట్టాలని రాశాను. అలా అయితే కోత 12 వేలకి దిగుతుంది. క్లయింటు సంతోషించారు. మా జూనియర్ అమ్మాయి కేంద్ర ప్రభుత్వ చెల్లింపుల నియమాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. అక్కడ ఉన్నది దానికి సరిగ్గా తలకిందులు: ఫండ్ చందాలు, ఆదాయ పన్ను, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు జప్తుకి దొరకని భాగంలోంచే కోయాలి. అంటే మూడో వంతు ముందు పక్కకి వెళ్లిపోతుంది, మిగిలిన కోతలన్నీ ఉద్యోగికి మిగిలిన వాటా మీద పడతాయి. ఇంటి లోను సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఆయనకీ బ్యాంకుకీ మధ్య విషయం. ఆ పేరా కొట్టేశాను. అలాగే వెళ్లి ఉంటే అవతలి వకీలు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగిలిన సరైన లెక్కని కూడా అనుమానంలోకి లాగేవారు.

ఈ లోపు జూలై జీతంలో కూడా పాత కోతే పడింది. ఏప్రిల్ నుంచి నాలుగు నెలలు, 95,280. అదంతా కోర్టు డిపాజిట్‌లోనే ఉంది. డీహెచ్ఆర్, అంటే డబ్బు రావలసిన చిట్టీ కంపెనీ, ఆ డబ్బు తీసుకోడానికి చెక్కు పిటిషన్ వేయబోతోందని తెలిసి, ఈఏ తేలేదాకా విత్‌డ్రా ఆపమని ఇంకో చిన్న పిటిషన్ వేశాం. ఇది మొదటి రోజే వేసి ఉండాల్సింది. అదృష్టం, వాళ్లకంటే నాలుగు రోజులు ముందున్నాం.

మా ఈఏకి జవాబుగా వేసిన కౌంటర్‌లో వాళ్లు బయటికి తీసిన కాగితం నేను ఊహించనిది. చిట్టీ డబ్బు విడుదలప్పుడు ఈయన పెట్టిన పదకొండు సంతకాల్లో ఒకటి ఒక హామీ పత్రం కింద ఉంది: "బాకీ తీరేదాకా నా మొత్తం జీతం నుంచి ఎంత కోసుకున్నా నాకు అభ్యంతరం లేదు, చట్టంలో ఉన్న మినహాయింపులు వదులుకుంటున్నాను." అచ్చు ఫారం, ఖాళీల్లో పేరు, హోదా మాత్రం చేత్తో నింపినవి. అవతలి వకీలు దీన్ని చదివి వినిపిస్తుంటే కోర్టు హాల్లో మా క్లయింటు తల దించేసుకున్నారు.

1976 సవరణలో చేర్చిన 60(1-ఏ) సరిగ్గా ఇలాంటి కాగితం కోసమే ఉంది. ఈ సెక్షన్ ఇచ్చే మినహాయింపుని వదులుకుంటానని ఎవరైనా ఒప్పందం రాసిస్తే, ఇంకే చట్టంలో ఏమున్నా సరే, ఆ ఒప్పందం చెల్లదు. జడ్జిగారు కోడ్ తెరిచి ఆ సబ్‌సెక్షన్ గట్టిగా చదివారు. తర్వాత అవతలి వకీలు దాని గురించి మాట్లాడలేదు. నాకు తెలిసి ఇలాంటి ఫారాలు ఇప్పటికీ చాలా చోట్ల నింపిస్తూనే ఉన్నారు. కోర్టులో నిలుస్తుందని కాదు, సంతకం పెట్టినవాడు తనకిక దారి లేదనుకుని కోర్టుకే రాకుండా ఉంటాడని.

ఆగస్టు మూడో వారంలో ఉత్తర్వు వచ్చింది. నెలకి 14,200 అని అంకెతో సహా రాశారు, ఇంక్రిమెంటు వచ్చినప్పుడల్లా మూల వేతనం మీద ఇదే పద్ధతిలో లెక్క మార్చుకోమన్నారు. నాలుగు నెలల్లో ఎక్కువ కోసిన 38,480 వెనక్కి ఇప్పించమని అడిగాను. జడ్జిగారు వెనక్కి ఇవ్వలేదు, రాబోయే నెలల్లో సర్దుబాటు చేయమన్నారు. ఆగస్టు, సెప్టెంబర్ జీతాల్లో కోత లేదు, అక్టోబర్‌లో 4,120 మాత్రమే. అక్టోబర్‌లో డీఏ 53 శాతానికి పెరిగి బకాయిలతో వచ్చినప్పుడు ఆయన కంగారుగా ఫోన్ చేశారు, దాంట్లో కూడా మూడో వంతు పోతుందా అని. పోలేదు. డీఏ ఎంత పెరిగినా ఇంటికే.

ఈ మధ్యలోనే ఇంకో పని చేయించాను. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో 17వ నియమం ఉంది. అప్పు వసూలు కోసం తన మీద చట్టపరమైన చర్య మొదలైతే ఉద్యోగి ఆ వివరాలన్నీ వెంటనే ప్రభుత్వానికి తెలపాలి. ఈయన తెలపలేదు. జీతం ఆఫీసుకి కోర్టు కాగితం వచ్చింది కాబట్టి అందరికీ తెలిసినట్టే అనుకున్నారు. జీతం జప్తు కంటే శాఖాపరమైన మెమో ఎక్కువ నష్టం చేసే సందర్భాలు చూశాను. ఆలస్యానికి కారణం చెబుతూ ఒక పేజీ ఉత్తరం రాయించి రసీదు తీసుకోమన్నాను. దాని మీద ఏ చర్యా రాలేదు.

వసూలు మనుషులు ఒకసారి ఇంటికొచ్చి అరెస్టు వారంటు వస్తుందని భార్యతో అన్నారట. డబ్బు డిక్రీలో అరెస్టుకి సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్ షరతులున్నాయి. కట్టే స్తోమత ఉండి కూడా కావాలని ఎగవేస్తున్నాడని తేలాలి. జాలీ జార్జ్ వర్గీస్ కేసులో 1980లో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. నెల నెలా జీతం జప్తులో ఉన్న మనిషి మీద అది రాదని ఆవిడకి ఫోన్‌లో చెప్పాను. "మీరు చెప్తే నమ్ముతాను గానీ, వాళ్లు వచ్చినప్పుడు పక్కింటివాళ్లందరూ చూశారండీ" అన్నారు. దానికి నా దగ్గర సెక్షన్ లేదు.

అసలు బేరం నవంబర్‌లో మొదలైంది. దానికి ఆధారం 60వ సెక్షన్ క్లాజు (ఐ) కింద ఉన్న ప్రొవైజో, అంటే షరతు. జీతంలో జప్తు కాదగిన భాగం, వరసగా గానీ విడతలుగా గానీ, మొత్తం 24 నెలలు జప్తులో ఉంటే తర్వాత 12 నెలలు దాన్ని ముట్టుకోకూడదు. ఆ 24 నెలలూ ఒకే డిక్రీ కింద అయితే ఆ డిక్రీకి ఆ జీతం ఇక శాశ్వతంగా దొరకదు. 14,200 చొప్పున 24 నెలలకి 3,40,800. ఇంక్రిమెంట్లు కలిపినా మూడున్నర లక్షలకి కాస్త అటూ ఇటూ. ఈపీ మొత్తం 5,92,400. అంటే ఈ జీతం మీదే కూర్చుంటే చిట్టీ కంపెనీకి రెండేళ్ల తర్వాత కూడా రెండు లక్షలకి పైగా మిగిలిపోతుంది, ఇంకా వడ్డీ. కోత లేని ఆగస్టు, సెప్టెంబర్ నెలలు 24లో కలుస్తాయా లేదా అన్నది వాళ్ల వకీలుకీ నాకూ మధ్య పెద్ద వాదన అయింది. జప్తు ఉత్తర్వు అమల్లోనే ఉంది, సర్దుబాటు కూడా వసూలే, కాబట్టి కలుస్తాయని నా వాదన. తేల్చుకోవాల్సిన అవసరం రాలేదు.

మరి 3,40,800తో తేలిపోయేదానికి రాజీ ఎందుకు అని క్లయింటు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ శాశ్వత మినహాయింపు జీతానికే, మనిషికి కాదు. ఊరి బయట 200 గజాల స్థలం ఆయన పేరు మీద ఉంది. డిక్రీ అమలుకి పన్నెండేళ్ల గడువుంది. జీతం చేజారాక వాళ్లు రేపో ఎల్లుండో ఆ స్థలం మీదికి వస్తారు. కూతురి పెళ్లికని దాచిన స్థలం అది.

డిసెంబర్ జాతీయ లోక్ అదాలత్‌లో 4,10,000కి తేలింది. నవంబర్ జీతం దాకా చేరింది 1,13,600. మిగిలిన 2,96,400లో 1,50,000 అక్కడికక్కడే. ఈ లక్షన్నర తోడల్లుడి భార్య బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది. అక్క ఇంట్లో జరుగుతున్నది ఆమెకి అప్పటిదాకా పూర్తిగా తెలియదట. మిగతా 1,46,400 నెలకి 12,200 చొప్పున పన్నెండు వాయిదాలు. మొదటి వాయిదా కట్టగానే జీతం మీద జప్తు ఎత్తేయాలి. వరసగా రెండు వాయిదాలు తప్పితే పాత ఈపీ మొత్తం తిరిగి లేస్తుంది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు కాబట్టి ప్రతి షరతూ రెండుసార్లు చదివించి, క్లయింటుకి తెలుగులో వివరించాకే సంతకం పెట్టించాను. ఈసారి సంతకాలు ఎన్నో ఆయనే లెక్కపెట్టారు. నాలుగు.

వాయిదాలు కంపెనీ ఆఫీసులో నగదుగా కట్టొద్దని, బ్యాంకు ద్వారానే పంపమని చెప్పాను. కోర్టు బయట కట్టింది ఆర్డర్ 21 రూల్ 2 కింద కోర్టు రికార్డులోకి ఎక్కకపోతే, అమలు చేసే కోర్టు దృష్టిలో అది కట్టనట్టే. దానికి గడువు ముప్పై రోజులు. వసూలు మనిషి చేతికిచ్చి పాకెట్ పుస్తకంలో టిక్కు పెట్టించుకుని, మూడేళ్ల తర్వాత అదే డబ్బు మళ్లీ కట్టినవాళ్లని చూశాను. ఈయన ప్రతి నెలా ఐదో తారీఖున రసీదు ఫోటో వాట్సాప్‌లో పంపుతారు, మా జూనియర్ దాన్ని రికార్డులోకి ఎక్కించమని కోర్టులో మెమో వేస్తుంది.

ఒకటి మిగిలిపోయింది. ఆయన సొంత జీతంలోంచి పోయేది మొత్తం 2,60,000. కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ కింద అదంతా తోడల్లుడి దగ్గర వసూలు చేసుకునే హక్కు ఆయనకి ఉంది. 146 కింద రెండో ష్యూరిటీ దగ్గర వాటా కూడా అడగొచ్చు. కట్టిన తేదీ నుంచి మూడేళ్లు గడువు, అంటే 2024 ఏప్రిల్ జీతంలో పోయిన దానికి గడువు ముందు ముగుస్తుంది. కనీసం తోడల్లుడి చేత బాకీ ఒప్పుకుంటూ ఒక కాగితమైనా రాయించుకోమని చెప్పాను, డ్రాఫ్టు కూడా తయారుచేసి ఇచ్చాను.

"మా ఆవిడనడిగి చెప్తానండీ" అన్నారు. ఆ డ్రాఫ్టు నకలు నా ఫైల్లో ఇంకా సంతకం లేకుండా ఖాళీగానే ఉంది.